అప్‌డేట్: ‘గార్’తో వాక్యం ముగుస్తుందా?

మార్కు సువార్త 16:8 గ్రీకులో ‘ఎఫొబూంటొ గార్’, అంటే ‘ఎందుకంటే వారు (యేసు సమాధి నుంచి పారిపోయిన స్త్రీలు) భయపడ్డారు’ అని ఆగుతుంది. ‘ఎందుకంటే’ అనే అర్థమిచ్చే ఈ ‘గార్’ వాక్యం చివర ఉండవచ్చా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. నిస్సందేహంగా ఉండవచ్చు. ‘గార్’ ఉపవాక్యం మొదట్లో రాదు, సాధారణంగా రెండో స్థానంలో నిలుస్తుంది. అక్కడ క్రియ ఒక్కటే ఉంటే ఆ రెండో స్థానమే చివరిది! మీరు చూపిన ఆదికాండము 18:15 చూసి ఎంత సంతోషించానో. సెప్టువజింటులో (పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదం) అబ్రాహాము భార్య శారా నవ్వలేదని బొంకడానికి కారణం కూడా ‘ఎఫొబేథే గార్’, భయపడింది గనుక. అదే క్రియ, అదే అమరిక.

4వ శతాబ్దపు గ్రీకు బైబిలు చేతిరాత ప్రతులైన సినాయ్, వాటికన్ ప్రతుల్లో మార్కు ఇక్కడే ముగుస్తుంది. మార్కు మూలప్రతిలో తర్వాతి ఆకు పోయిందా అన్నది వ్యాకరణం తేల్చదు. నేనైతే ఇదే అసలు ముగింపు అంటాను: పారిపోతున్న స్త్రీల భయం దగ్గర ఆపడం మార్కు ధోరణికి తగినదే.