కడపలో గోధుమ తగలని భోజనం బయట ఎక్కడ దొరుకుతుంది?

మా పాపకు సీలియాక్ జబ్బు. గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ కడుపులోకి వెళ్తే చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. కాస్త పిండి అంటుకున్నా చాలు. జీవితాంతం అవి మానేయడమే వైద్యం. వచ్చే నెల కడపకు మారుతున్నాం. ఇంట్లో వంటతో ఇబ్బంది లేదు, బయట తినాల్సి వస్తేనే టెన్షన్.

రాగి సంగటి, నాటుకోడి పులుసు దొరికే ఊరు, మీకేం భయం అంటున్నారు అందరూ. నిజమే కానీ, రాగులు ఆడించిన మరలోనే గోధుమలూ ఆడతారు కదా! కారం దోసె పోసే పెనం మీదే పరోటా కాలుస్తారు. బజ్జీల నూనెలోనే పూరీలు. అన్నిటికన్నా నాకు భయం సాంబారు: బజారులో దొరికే ఇంగువలో చాలావాటికి మైదా కలుపుతారు, వండేవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. గోధుమ పడదంటే "చపాతీ ఒంటికి మంచిదేగా అమ్మా" అంటారు.

దోసెలకు విడిగా పెనం వాడే హోటల్ గానీ, చపాతీ, పరోటా జోలికిపోని సంగటి మెస్ గానీ ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల ఎవరికైనా తెలుసా? ఇలాంటి పిల్లలున్నవాళ్లు వంటమాస్టర్‌కు ఏమని చెప్పి ఒప్పిస్తారు? పెళ్లిళ్లకు వెళ్తే ఏం చేస్తారు, క్యారియర్ పట్టుకెళ్తారా?