స్కల్పిన్ ఫ్లైకి గొర్రె ఉన్ని తల: తడిస్తే ఆకారం నిలవట్లేదు, ఏం చేయాలి?

అన్నలూ, ఫ్లై (గాలానికి వెంట్రుకలు, ఉన్ని చుట్టి చేసే నకిలీ ఎర) కట్టడం తెలిసినవాళ్లు కొంచెం సాయం చేయండి. మాది హనుమకొండ. హిమాచల్‌లో తీర్థన్ నదికి పోదామనుకుంటున్నాం, పెద్ద బ్రౌన్ ట్రౌట్ చేపల కోసం. అందుకే ఈ స్ట్రీమర్ల (చిన్న చేపలా కనిపించే ఫ్లైల) పని పెట్టుకున్నాను.

స్కల్పిన్ అనే చిన్న చేపకు గాలితిత్తి ఉండదు. రాళ్ల సందుల్లో అడుగునే పడుండి, ఉన్నట్టుండి ముందుకు దూకుతుంది. మన గోదావరి ఇసుక దొందు లాంటిదే అనుకోండి. ఫ్లై కూడా అడుగుకే పోవాలి. తలకు చాలామంది జింక వెంట్రుకలు వాడతారు గానీ అవి బోలుగా ఉండి తేలుతాయి. పైగా మన అడవి జింకల వెంట్రుకలు కొన్నా అమ్మినా కేసే. ఆ టెన్షన్ నాకెందుకని గొంగళ్లు నేసే కురుమల దగ్గర నల్ల ఉన్ని తెచ్చుకున్నాను.

ఉన్ని నీళ్లు పీల్చి బాగానే మునుగుతోంది. పొడిగా ఉన్నప్పుడు కింద చదునుగా, పక్కలకు వెడల్పుగా కత్తిరిస్తే తల చూడముచ్చటగా ఉంటుంది. బకెట్లో వేసి లాగితే మాత్రం పోచలన్నీ వెనక్కి అతుక్కుని సన్నబడిపోతోంది. కుచ్చులు పైనా కిందా విడివిడిగా కట్టి, ఒక్కో వరసనూ గట్టిగా వెనక్కి నొక్కాలా? ఉన్ని జిడ్డు పోయేదాకా కడగాలా, అట్లనే వాడాలా?

ఇంకోటి. 4 నంబర్ గాలం కాడకు సీసం తీగ చుట్టాను, ఫ్లై పక్కకు ఒరుగుతోంది. డంబెల్ కళ్లు (రెండు కొసలా గుండున్న లోహపు బరువు) కాడ పైన కడితే గాలం మొన పైకి తిరిగి రాళ్లకు తక్కువ పట్టుకుంటుంది, సరే. మరి మొదట కళ్లు కట్టాలా, ఉన్ని కట్టాలా? అసలు గొంగడి ఉన్నే పనికిరాదంటే మొహమాటం లేకుండా చెప్పండి, స్వెటర్లు అల్లే మెత్తటి ఊలు కొంటాను.