రెండు తెలుగు రాష్ట్రాల కమ్యూనిటీ రేడియోలకు సమాఖ్య: ప్రణాళిక, సభ్యత్వంపై సందేహాలు

ప్రశ్న (రాయలసీమలోని ఒక కేంద్రం నిర్వాహకుడు):

అందరికీ నమస్కారం. మేము ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున కమ్యూనిటీ రేడియో (చుట్టుపక్కల ఊళ్ళకు మాత్రమే వినిపించే, స్థానికుల కోసం నడిచే చిన్న ఎఫ్ఎం కేంద్రం) నడుపుతున్నాము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఇటువంటి కేంద్రాలన్నింటితో ఒక సమాఖ్య ఏర్పాటు చేయాలని మరికొందరితో కలిసి సంకల్పించాము. శిక్షణ, కార్యక్రమాల మార్పిడి, ప్రకటనల సేకరణ, ప్రభుత్వంతో సంప్రదింపులు, పురస్కారాలు, పరిశోధన అన్నీ చేర్చి ఐదేళ్ళ ప్రణాళిక ముసాయిదా రాసి, ఉత్తరంతో పాటు అన్ని కేంద్రాలకూ పంపాము. చాలామంది జవాబే ఇవ్వలేదు. ఇచ్చినవారు "దేశస్థాయిలో సంఘం ఉండగా ఇంకొకటి దేనికి?" అని అడుగుతున్నారు. సభ్యులను ఎలా కూడగట్టాలి, రుసుము ఎంత పెట్టాలి, ఓటు హక్కు ఎలా ఉండాలి, రిజిస్ట్రేషన్ ముందే చేయించాలా? అనుభవమున్న పెద్దలు చెప్పగలరు.

జవాబు (జహీరాబాద్ ప్రాంతం నుంచి, కార్యక్రమాల విభాగం):

మీ ముసాయిదా చదివాను. అందులోని లక్ష్యాల్లో కాదనదగినది ఒక్కటీ లేదు, కానీ అది చదివిన మేనేజరుకు "చేరితే వచ్చే నెల నాకేం ఒరుగుతుంది?" అన్నదానికి సమాధానం దొరకదు. లైసెన్సు నిబంధనలు, స్పెక్ట్రమ్ రుసుము (ప్రసార తరంగాల వాడకానికి కట్టేది) వంటి ఢిల్లీ వ్యవహారాలు వారు చెప్పే ఆ దేశస్థాయి సంఘం, కమ్యూనిటీ రేడియో అసోసియేషన్, చూసుకుంటుంది. మీరు తలకెత్తుకోవలసింది ఢిల్లీ నుంచి కాని పని, అంటే హైదరాబాద్, అమరావతి సచివాలయాల్లోనూ జిల్లా కలెక్టరేట్లలోనూ తెలుగులో జరగవలసిన పని. మొదటి ఏడాదికి అందులో ఒక్కటే తీసుకోండి. నా ఎంపిక ప్రభుత్వ ప్రకటనలు.

2024 ఫిబ్రవరిలో కమ్యూనిటీ రేడియోలకు కేంద్రం ఇచ్చిన సవరించిన మార్గదర్శకాలతో ప్రకటనల సమయం గంటకు 7 నిమిషాల నుంచి 12 నిమిషాలకు పెరిగింది. కేంద్ర ప్రభుత్వ ప్రకటనల రేటు కూడా 10 సెకన్లకు 52 రూపాయల నుంచి 74 రూపాయలయింది. ఆ లెక్కన 30 సెకన్ల స్పాటుకు, అంటే ఒక్కసారి వేసే ప్రకటనకు, 222 రూపాయలు వస్తాయి. రోజుకు నాలుగుసార్ల చొప్పున 30 రోజులు వేస్తే 26,640 రూపాయలు. ట్రాన్స్‌మిటర్ కరెంటు బిల్లుకూ ఇద్దరు వ్యాఖ్యాతల గౌరవ వేతనానికీ చూసుకునే కేంద్రానికి ఇది చిన్న మొత్తం కాదు. కానీ ఒక్క కేంద్రానికి ఈ పని ఇప్పించాలన్నా, పది కేంద్రాలకు ఇప్పించాలన్నా, ఆరోగ్య ప్రకటనలైతే ఉదాహరణకు, జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో కదలవలసిన ఫైలు ఒక్కటే కాబట్టి, ఒంటరిగా వెళ్ళినవారికి "చూద్దాం" అన్న మాటే మిగులుతుంది. పదిమంది కలిసి ఒకే కొటేషన్, ఏ కేంద్రం ఏయే మండలాలకు వినిపిస్తుందో చూపే ఒకే పట్టిక పట్టుకెళ్తే మాట్లాడే తీరే మారుతుంది. ఆ పట్టికే మీ తొలి ప్రణాళికా పత్రం అనుకోండి.

ఒక హెచ్చరిక: ప్రజాహిత సమాచారానికి తప్ప స్పాన్సర్డ్ కార్యక్రమాలకు నిబంధనలు ఒప్పుకోవు. ఏదో కంపెనీ అరగంట సమయం కొంటానంటే సమాఖ్య పేరుతో ఆశపడవద్దు.

జవాబు (హైదరాబాద్, ఒక విద్యాసంస్థ రేడియో):

ప్రకటనల విషయంలో పై మాటతో ఏకీభవిస్తాను. అయితే అసలు చిక్కు ఓటు దగ్గర వస్తుందని నా అభిప్రాయం. మన రెండు రాష్ట్రాల్లోని కేంద్రాలన్నీ ఒక్క తీరువి కావు. బోల్ హైదరాబాద్, భీమవరంలోని రేడియో విష్ణు వంటివి విద్యాసంస్థల ఆవరణల్లో ఉన్నాయి. మాచనూర్‌లోని సంఘం రేడియో 2008 అక్టోబరు 15న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో మొదలై, దళిత మహిళల చేతుల మీదుగా నడుస్తోంది. కేంద్రాలకు అనుమతినిచ్చే విధానమే రెండు అంచెల్లో వచ్చింది కదా: 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు. మా వంటివారికి భవనం, కరెంటు కళాశాల భరిస్తుంది. పల్లెలోని కేంద్రానికి ప్రాజెక్టు ముగిస్తే జీతాలు ఆగిపోతాయి. ఇద్దరికీ ఒకే రుసుము పెట్టడం న్యాయం కాదు. వార్షిక ఆదాయాన్ని బట్టి రెండు మూడు మెట్లుగా రుసుము పెట్టి, ఓటు మాత్రం కేంద్రానికి ఒక్కటే ఉంచండి. ఎక్కువ కట్టినవారికి ఎక్కువ ఓట్లన్న నియమం ఒక్కసారి బైలాస్‌లోకి (సంఘం నియమావళిలోకి) ఎక్కితే తీయించడం ఎవరి తరమూ కాదు.

జవాబు (ఉత్తరాంధ్ర, సంఘాల లెక్కలు చూసే వృత్తి):

ఓటు ఒక్కటే చాలదమ్మా. సమావేశానికి రాగల తీరిక, ప్రయాణపు ఖర్చు కళాశాలలకే ఉంటాయి, కాబట్టి ఓట్లు సమానమైనా కార్యవర్గం వారిదే అవుతుంది. కార్యవర్గంలో సగం స్థానాలు స్వచ్ఛంద సంస్థల కేంద్రాలకు కేటాయించి, వారి ప్రయాణ ఖర్చు సమాఖ్యే భరించాలి. 2024 మార్గదర్శకాలు కేంద్రాల సలహా సంఘాల్లో సగం మంది మహిళలుండాలంటున్నాయి. ఆ నియమం సమాఖ్యకూ పెట్టుకుంటే ఎవరూ అడ్డు చెప్పలేరు.

రిజిస్ట్రేషన్‌కు తొందరపడవద్దు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురుంటే చాలు, అది పెద్ద పని కాదు. తరువాత ఏటేటా సర్వసభ్య సమావేశం, కార్యవర్గ జాబితా దాఖలు, ఆడిట్ తప్పవు, అవి మానేసి కాగితం మీద మాత్రమే బతుకుతున్న సంఘాలను చాలా చూశాను. పరస్పర అవగాహన పత్రంతో ఏడాది నడిపి, ఆపైన రిజిస్టర్ చేయించండి. మీ ముసాయిదాలో విదేశీ నిధులు తెచ్చి సభ్యులకు పంచుతామన్న వాక్యం ఒకటుంది, దాన్ని ఇప్పుడే కొట్టేయండి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో జరిగిన సవరణ తరువాత ఒక సంస్థ తెచ్చుకున్న విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడం చట్టవిరుద్ధం.

జవాబు (జహీరాబాద్ ప్రాంతం నుంచి, మళ్ళీ):

ఉత్తరాల సంగతి చెప్పడం మరిచాను. అవి సంస్థ కార్యదర్శి బల్ల మీదే ఆగిపోతాయి, మైకు ముందు కూర్చునేవారి దాకా రావు. స్వయంగా వెళ్ళండి, అదీ ప్రసారం లేని వేళ. స్టూడియో చూసి, ఏ పరికరం పాడై మూలన పడి ఉందో అడగండి. వేసవిలో వోల్టేజి హెచ్చుతగ్గులకు ట్రాన్స్‌మిటర్ దెబ్బతిని వారాల తరబడి ప్రసారం ఆగిన కథ దాదాపు ప్రతిచోటా వినిపిస్తుంది. బాగుచేసే మనిషి నంబరు ఇచ్చి వస్తే, అది పది కరపత్రాల పెట్టు.

కార్యక్రమాల మార్పిడి రెండో ఏడాదికి ఉంచుకోండి. కనీసం సగం కార్యక్రమాలు స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలన్న నియమం ఉంది కాబట్టి దానికి ఎలాగూ హద్దుంది. పైగా మా దగ్గరి వ్యాఖ్యానం శ్రీకాకుళంలో వేస్తే శ్రోత స్టేషన్ మారుస్తాడు. పాటలు, రైతుల మాటలు వ్యాఖ్యానం లేకుండా పంపించుకుంటే ఎవరి యాసలో వారు అల్లుకోవచ్చు.

అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ఐదేళ్ళ ప్రణాళిక పక్కన పెట్టి ప్రకటనలతోనే మొదలుపెడతాము. ఇంకొక్క సందేహం: ఉమ్మడిగా పని తెచ్చాక ఏదైనా కేంద్రం స్పాట్లు వేయకుండానే వేశామని చెప్తే, మాట పోయేది అందరిదీ కదా?

జవాబు (ఉత్తరాంధ్ర, సంఘాల లెక్కలు చూసే వృత్తి):

ప్రసారమైన కార్యక్రమాల రికార్డింగులు మూడు నెలలు భద్రపరచాలన్న నిబంధన ఎలాగూ ఉంది. ప్రతి వారం ఏదో ఒక రోజు, ఏదో ఒక గంట రికార్డింగు పంపమని ముందు చెప్పకుండా అడుగుతామని అవగాహన పత్రంలోనే రాయించండి. ప్రసార పట్టికతో అది సరిపోలాకే ఆ కేంద్రం బిల్లును ఉమ్మడి బిల్లులో చేర్చండి. డబ్బు మాత్రం సమాఖ్య ఖాతాలోకి రానివ్వకుండా ప్రకటన ఇచ్చిన కార్యాలయం నుంచి నేరుగా కేంద్రాల ఖాతాలకే వెళ్ళేలా చూడండి. రిజిస్ట్రేషన్ లేని ఏడాదిలో మీకు వేరే దారీ లేదు.