ల్యాప్రోస్కోపీ సాధనకు వీఆర్ హెడ్‌సెట్ కొనవచ్చా?

పాలమూరు పీజీ:
మహబూబ్‌నగర్‌లో జనరల్ సర్జరీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా, పొడవాటి పరికరాలు లోపలికి పంపి చేసే (ల్యాప్రోస్కోపీ) పిత్తాశయం ఆపరేషన్లలో నాకు ఇంకా కెమెరా పట్టుకునే పనే ఇస్తున్నారు. పరికరం చేతికిచ్చే రోజుకు చేయి తిరిగి ఉండాలని తపన. స్టైపెండ్ దాచి, కంప్యూటర్ సృష్టించే దృశ్యాన్ని కళ్ల ముందు చూపే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ కొనాలనుకుంటున్నాను. అందులో నేర్చింది ఆపరేషన్ టేబుల్ దగ్గర పనికొస్తుందా?

నల్లగొండ సర్జన్:
వీఆర్ సాధన పనికొస్తుంది తమ్ముడూ, అందులో సందేహం లేదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో 16 మంది సర్జరీ రెసిడెంట్లలో (శిక్షణలో ఉన్న డాక్టర్లలో) సగం మందికి వీఆర్ సాధన ఇచ్చి, తర్వాత అందరి చేతా నిజమైన ఆపరేషన్ చేయించారు. ఫలితాలు 2002లో వచ్చాయి. సాధన చేసినవారు పిత్తాశయాన్ని కాలేయం నుంచి విడదీసే పనిని 29 శాతం త్వరగా ముగించారు. చేయనివారు పిత్తాశయానికి గాయం చేయడమో, పక్క కణజాలాన్ని కాల్చడమో ఐదు రెట్లు ఎక్కువ. నాకు ముఖ్యం ఈ రెండో సంగతే. వేగం ఎలాగూ వస్తుంది, కాలిన పిత్తనాళం మాత్రం రోగిని ఏళ్ల తరబడి బాధిస్తుంది.

అయితే అక్కడ వాడింది హెడ్‌సెట్ కాదు. కంప్యూటర్ తెర ముందు, అసలు పరికరాల్లాంటి పిడులు పట్టుకుని చేశారు. ఇన్ని గంటలని లెక్క పెట్టలేదు, అనుభవజ్ఞుల స్థాయి అందేదాకా చేయించారు. హెడ్‌సెట్‌తో ఆపరేషన్ వరుస బాగా తెలుస్తుంది. కానీ పొట్ట గోడ దగ్గర పరికరం ఇరుసు మీద ఉన్నట్టు తిరుగుతుంది: చేయి కుడికి జరిపితే కొన ఎడమకు పోతుంది. గాలిలో కంట్రోలర్ తిప్పితే ఆ అలవాటు పడదు. కణజాలాన్ని లాగినప్పుడు చేతికి తెలిసే బిగువూ ఉండదు.

ఓటీ (ఆపరేషన్ థియేటర్) సిస్టర్, సూర్యాపేట:
డాక్టర్ గారూ, కెమెరా పనిని తక్కువగా చూడకండి. తెర మీద దృశ్యం పక్కకు ఒరగకుండా, పరికరం కొన ఎప్పుడూ మధ్యలో ఉండేలా పట్టేవారు దొరికితే సర్జన్‌కు సగం శ్రమ తగ్గుతుంది. లెన్స్ మసకబారితే వేడి నీళ్లలో ముంచి తుడవడం కూడా ఏ హెడ్‌సెట్టూ నేర్పదు.

పాలమూరు పీజీ:
ధన్యవాదాలు సార్, సిస్టర్. మరి మొదట ఏమి కొనాలి?

నల్లగొండ సర్జన్:
పొట్టకు బదులుగా ప్లాస్టిక్ డబ్బా, వెబ్‌కెమెరా, చిన్న ఎల్‌ఈడీ దీపం తెచ్చుకో. వాడకంలోంచి తీసేసిన గ్రాస్పర్లు (కణజాలాన్ని పట్టుకునే పొడవాటి పరికరాలు) మీ ఓటీలో అడుగు. డబ్బాలో ఒక మేకుకు తొడిగిన రబ్బరు ముక్కను ఒక చేతి గ్రాస్పర్‌తో ఎత్తి, గాలిలోనే రెండో చేతి గ్రాస్పర్‌కు మార్చి, అవతలి మేకుకు తొడుగు. పడిపోకుండా చేయగలిగాక కోడి తొడ మీది తోలు చిరగకుండా ఒలువు. తర్వాత కుట్లు. వీడియో తీసి మీ ప్రొఫెసర్ గారికి చూపించు. హెడ్‌సెట్ సంగతి అప్పుడు చూద్దాం.