ఎత్తైన గడ్డిభూముల్లో కాపురం: పల్లపు ఆవులు తట్టుకుంటాయా?

నాలుగైదు ఇళ్లే ఉన్న ఒక పశుపోషకుల పల్లెకు కుటుంబంతో వెళ్లి స్థిరపడబోతున్నాం. సముద్రమట్టానికి దాదాపు 2,400 మీటర్ల ఎత్తు, చుట్టూ గడ్డిభూములే. అలాంటి చోట బతికినవాళ్లు దయచేసి సలహా చెప్పండి.

నా పెద్ద దిగులు ఆవుల గురించే. పల్లంలో పెరిగిన పశువును అంత ఎత్తుకు తీసుకెళ్తే ఆక్సిజన్ చాలక ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుపోవచ్చు. అప్పుడు గుండె కుడివైపు భారం పడి, రొమ్ము దగ్గర నీరు చేరి వాస్తుంది. ఇది కొంతవరకు వంశపారంపర్యం కూడా. ఊపిరితిత్తుల ధమనిలో రక్తపోటు కొలిచి ఆబోతులను ఎంచుకునే పద్ధతి ఉంది. ఆ పరీక్ష చేసే డాక్టరు దగ్గర్లో లేకపోతే మీరెలా ఎంచుకున్నారు? అక్కడే పుట్టిపెరిగిన పశువులను కొనడమే మేలని నాకనిపిస్తోంది. నిజమేనా? వాపు రాకముందే కనిపెట్టే గుర్తులేమిటి? జబ్బుపడ్డ పశువును కిందికి దించడమే అసలు వైద్యం కదా, మరి మంచుకు దారి మూసుకుపోతే ఏం చేస్తారు?

ఎండుగడ్డి రోజుకు పశువు బరువులో రెండు శాతం పైచిలుకు కావాలి. చలి ముదిరితే ఇంకెంత కలపాలి? తొట్టిలో నీళ్లు గడ్డకట్టకుండా ఏం చేస్తారు?

ఇంకొక్కటి. అంత చిన్న ఊళ్లో ఇరుగుపొరుగు సాయం లేనిదే చలికాలం గడవదు. ఉమ్మడి మేతభూమిలో ఎవరి మంద ఎప్పుడు, ఎన్నాళ్లు మేయాలో కొత్తగా వచ్చినవాళ్లం ఎవరిని, ఎలా అడిగితే బాగుంటుంది?