తులసి చుట్టలు కాదు సరే, మరేమనాలి?

వలస కలం:
అందరికీ నమస్కారం. ఒక మాట సాయం కావాలి. మేముండేది డాలస్ దగ్గర. ఇక్కడి మా తెలుగు సంఘంలో నెలకోసారి ఆదివారం ఆరాధన అయ్యాక తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తింటాం. పోయిన నెల నేను బీఫ్ కైమాతో థాయ్ పద్ధతిలో ఒకటి చేసి తీసుకెళ్ళాను. వెల్లుల్లి, పచ్చిమిర్చితో కైమా వేయించి, దించాక బేసిల్ ఆకు కలిపి, లెట్యూస్ ఆకులో పెట్టుకుని తినడం. పిల్లలకన్నా పెద్దవాళ్ళే ఎక్కువ తిన్నారు. ఎలా చేశావో తెలుగులో రాసివ్వమన్నారు. రాసిచ్చాను. పైన పేరు ఇలా పెట్టాను: "థాయ్ తరహా గొడ్డుమాంసం, తులసి లెట్యూస్ చుట్టలు".

అంతే, మొదలైంది. ఒక పెద్దాయన "చుట్టలు మానేసి ముప్పై ఏళ్ళయిందమ్మా, మళ్ళీ పట్టించకు" అన్నారు. ఒక పిన్నిగారు కాగితంలో తులసి అని ఉంది కదా అని పెరట్లో కుండీలోని తులసే కోసి వేశారట. "దగ్గుకి తాగే కషాయంలా ఉందే" అని ఫోన్. మా అత్తగారు "గొడ్డుమాంసం ఏంటే, తిట్టులాగా" అన్నారు. ఒక్క లైన్లో ఇన్ని తప్పులు నేనెప్పుడూ రాయలేదు. దేన్ని ఏమనాలో చెప్పండి. బేసిల్ అంటే తులసి అని డిక్షనరీలోనే ఉంది కదా?

తాటాకు:
డిక్షనరీ తప్పు కాదు, పిన్నిగారూ తప్పు కాదు. నిజానికి మీ అందరిలో బ్యాంకాక్‌కి దగ్గరగా వెళ్ళింది ఆవిడే.

థాయ్ వాళ్ళు వంటలో మూడు రకాల ఆకు వాడతారు, మూడింటికీ మూడు పేర్లు. ఇంగ్లీషువాడు మూడింటినీ బేసిల్ అన్నాడు, మనం ఆ ఇంగ్లీషు పట్టుకుని తులసి అంటున్నాం. మొదటిది కప్రావ్. ఇది మన తులసి జాతే. ఆకు మీద సన్నని నూగు, లవంగం ఘాటు. బ్యాంకాక్‌లో ఏ వీధి కొట్టులోనైనా దొరికే "ఫట్ కప్రావ్" దీనితోనే చేస్తారు. ఫట్ అంటే వేపుడు. అంటే అక్షరాలా తులసి వేపుడు. రెండోది హోరపా. ఊదారంగు కాడ, నున్నటి ఆకు, సోపు గింజల వాసన. అమెరికా కొట్లలో థాయ్ బేసిల్ అని అమ్మేది ఇదే, మీరు వేసిందీ ఇదే అయ్యుంటుంది. మూడోది మెంగ్లక్, నిమ్మ వాసన. మీ వంటలో దానికి పని లేదు.

ఈ రెండో రకానికి తెలుగులో పేరుంది: రుద్రజడ. భూతులసి అని కూడా అంటారు. వేసవిలో నానబెట్టి తాగే సబ్జా గింజలు ఆ జాతి మొక్కవే. కాబట్టి "తులసి" అని రాస్తే ఒక మొక్క, "రుద్రజడ" అని రాస్తే ఇంకో మొక్క. రెండూ బేసిలే.

సబ్జా సోడా:
తాటాకు గారూ, రుద్రజడ అని రాస్తే డాలస్‌లో ఎవరికి అర్థమవుతుంది? అందం మాట సరే. కొట్టుకెళ్ళి "రుద్రజడ ఉందా" అంటే వాడు హెయిర్ ఆయిల్ చూపిస్తాడు. "సబ్జా ఆకు" అంటే కనీసం సగంమందికి తెలుస్తుంది. గింజ తెలిసినవాళ్ళకి ఆకు చెప్పడం తేలిక.

తాటాకు:
ఒప్పుకుంటున్నా. సబ్జా ఆకు బాగుంది. నాకు తట్టలేదు.

పోకచెక్క:
ఒక చిన్న మాట. వండేదానికి "తులసి దళం" అని మాత్రం రాయకండి. ఈ మధ్య వంటల వీడియోల్లో వింటున్నా. దళం అన్నామంటే అది పూజ పళ్ళెంలోది. కరివేపాకుకి రెబ్బ, కొత్తిమీరకి కట్ట, పుదీనాకి గుప్పెడు. మూకుట్లోకి వెళ్ళేది ఏదైనా దళం కాదు. ఇంట్లో తులసికోట ఉన్నవాళ్ళు ఆ కాగితం చదివితే, బీఫ్ కన్నా ఆ దళమే ఎక్కువ గుచ్చుకుంటుంది.

వలస కలం:
అయ్యో, "తులసి దళాలు రెండు గుప్పెళ్ళు" అనే రాశాను! దిద్దుతాను. మరి గొడ్డుమాంసం సంగతి?

మానేరు ఒడ్డు:
అక్కా, మీ అత్తమ్మ చెప్పింది నిజమే. గొడ్డు అనే మాట ఎక్కడ వాలినా మంచిగ వాలదు. గొడ్డు చాకిరీ, గొడ్డు కారం, గొడ్రాలు. ఒక చోట పశువు, ఒక చోట ఉత్తది, ఒక చోట పంట లేనిది. మా ఇంట్ల ఆ మాట ఎవరూ అనరు. పెద్దకూర అంటం. మేకదైతే చిన్నకూర. పేపర్లో గొడ్డుమాంసం అని రాసేటోళ్ళు ఎక్కువగా అది తినని వాళ్ళు. 2012లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ గొడవ అయినప్పుడు పెద్దకూర పండుగ అన్న పేరు అందరి నోట్లో పడ్డది. అప్పటిదాకా అది మా వంటింటి మాట. తినేటోళ్ళు పెట్టుకున్న పేరు ఉండగా వేరే పేరెందుకు?

ఇంకొకటి. మా దిక్కు "కూర వండినం" అంటే చాలు, మాంసం అనే అర్థం. మీ దిక్కు కూర అంటే వంకాయ కూడా కూరే.

తాటాకు:
థాయ్‌లోనూ అదే తమాషా. "నుయా" అంటే మాంసం. కానీ హోటల్లో ఉత్త "నుయా" అంటే బీఫే తెస్తారు. పందికి, కోడికి వేరే మాటలు. ఊరికే అన్న మాట ఒక్కదాని సొంతమైపోవడం మన కూర లాంటిదే. అన్నట్టు అక్కడ కూడా అందరూ బీఫ్ తినరు. చైనా మూలాలున్న కుటుంబాల్లో కువాన్ ఇమ్ దేవతను కొలిచేవాళ్ళు చాలామంది దాన్ని ముట్టరు. ఫట్ కప్రావ్ చికెన్‌తోనో పోర్క్‌తోనో చేయించుకుంటారు. మీ విందులో తిననివాళ్ళుంటే చికెన్ కైమాతో ఇంకో గిన్నె చేయండి, రుచికేం లోటు రాదు.

వలస కలం:
పెద్దకూర నాకు నచ్చింది. మాది గుంటూరు వైపు, మా ఇంట్లో బీఫ్ అనే అంటాం. కైమా అని కలిపితే అందరికీ తెలుస్తుంది. "పెద్దకూర కైమా". ఇక మిగిలింది చుట్టలు.

సబ్జా సోడా:
పొట్లం అనొచ్చుగా? మరమరాల పొట్లం లాగా.

పోకచెక్క:
పొట్లం కడతారు, విప్పుతారు, ఆకు పారేస్తారు. ఇక్కడ ఆకుతో సహా నోట్లోకి పోవాలి. పొట్లం కుదరదు. పూతరేకు కొంచెం దగ్గర, కానీ అది పేరెన్నిక గల తీపి, దాన్ని కదపొద్దు.

ఆకుతో సహా నమిలేది మనకి ఒకటే ఉంది: తాంబూలం. దానికెన్ని మాటలున్నాయో చూడండి. పాత పద్యాల్లో కప్పుర విడెం. ఊళ్ళలో కిళ్ళీ, బీడా. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు కూర్చుని ఆకులు మడిచేటప్పుడు "చిలకలు చుట్టడం" అంటారు. సున్నం రాసి, వక్క పెట్టి, కోణంగా మడిచి లవంగం గుచ్చితే అది చిలక. లెట్యూస్‌ని కూడా అలాగే ఒక పక్క మడిచి పట్టుకుంటే కారదు. నా ఓటు చిలకకే.

తాటాకు:
పోకచెక్క గారూ, మీకు దండం. థాయ్‌లో సరిగ్గా ఇలాంటిదే ఉంది: మియాంగ్ ఖమ్. చిన్న ఆకులో వేయించిన కొబ్బరి, వేరుశనగ, అల్లం, నిమ్మ ముక్క, ఎండురొయ్య పెట్టి, పైన తీపి పాకం చుక్క వేసి, మడిచి ఒక్కసారే నోట్లో వేసుకుంటారు. ఆ ఆకు పేరు చాప్లూ. మన తమలపాకుకి చుట్టమే, రెండూ మిరియాల జాతి. థాయ్‌లో తమలపాకుని ప్లూ అంటారు.

అసలు మెరుపు ఖమ్ అనే మాటలో ఉంది. ఖమ్ అంటే ఒక కబళం, నోట్లో పట్టినంత. అదే ఖమ్ అంటే "మాట" కూడా. నోట్లోకి పోయేదానికీ నోట్లోంచి వచ్చేదానికీ ఒకటే పేరు! మనకి ముద్ద వేరు, మాట వేరు. అన్నట్టు కప్రావ్ వేపుడుని వాళ్ళు అన్నం మీద వేసి, పక్కన వేయించిన గుడ్డుతో తింటారు. దాన్ని నక్షత్రం గుడ్డు అంటారు. మనం అదే గుడ్డుని ఉడకబెట్టకుండానే హాఫ్ బాయిల్ అంటాం, అది ఇంకో రోజు చూద్దాం. లెట్యూస్‌లో పెట్టుకోవడం ఎక్కువగా అమెరికా వంటింటి అలవాటు. ఈశాన్య థాయ్‌లాండ్‌లో లాప్ అనే కైమా వంటకం ఉంది, దాన్ని మాత్రం పచ్చి ఆకులతో కలిపి తింటారు. అందులో వేయించి దంచిన బియ్యప్పొడి వేస్తారు. కావాలంటే మీరూ ఒక చెంచా చల్లుకోండి.

మానేరు ఒడ్డు:
మాటలు మంచిగనే ఉన్నయి. వండుడు ఎట్లనో ఎవరూ చెప్పలే. నాకు ఆకలైతుంది.

వలస కలం:
చెప్తాను తమ్ముడూ. ఇదిగో దిద్దిన కాగితం.

"థాయ్ పద్ధతి పెద్దకూర కైమా, సబ్జా ఆకు చిలకలు.

కైమా అరకిలో. వెల్లుల్లి ఆరు రెబ్బలు, పచ్చిమిర్చి నాలుగైదు, రెండూ కలిపి రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. వెడల్పాటి మూకుడు బాగా కాలాక రెండు చెంచాల నూనె పోసి, దంచినది వేసి, మాడకముందే కైమా వేయాలి. మంట తగ్గించొద్దు. తగ్గిస్తే నీరు ఊరి వేపుడు కాస్తా ఉడుకు అవుతుంది. గిన్నె చిన్నదైతే రెండు విడతలుగా వేయించండి. గరిటెతో చిదుపుతూ, అంచులు ఎర్రబడ్డాక రెండు చెంచాల ఫిష్ సాస్, ఒక చెంచా సోయా సాస్, ఒక చిన్న చెంచా పంచదార. ఉప్పు వేయొద్దు, సాసుల్లో ఉన్నది చాలు. స్టవ్ ఆపేశాక రెండు గుప్పెళ్ళ సబ్జా ఆకు, అర చెక్క నిమ్మరసం. ఆకు వేడికి వాలితే చాలు, వేగకూడదు.

లెట్యూస్ మెత్తగా, గిన్నెలా ఉండేది తీసుకోండి. ఒక్కో ఆకూ కడిగి, గుడ్డతో తడి తుడిచి, ఫ్రిజ్‌లో పెట్టండి. తడి ఉంటే కారిపోతుంది. ముందే చుట్టి పెట్టొద్దు, ఎవరి చిలక వాళ్ళు అక్కడికక్కడే చుట్టుకోవాలి. పైన దంచిన వేరుశనగపప్పు.

సబ్జా ఆకు అంటే కొట్టులో థాయ్ బేసిల్. అది దొరక్కపోతే తులసి వేయొచ్చు, కానీ ఒక గుప్పెడు చాలు."

పోకచెక్క:
"ఎవరి చిలక వాళ్ళు" చాలా బాగుంది. ఫిష్ సాస్‌ని తెలుగు చేయలేదేం?

తాటాకు:
థాయ్‌లో నామ్ ప్లా. నామ్ అంటే నీళ్ళు, ప్లా అంటే చేప. నెత్తళ్ళ లాంటి చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన నీళ్ళు. చేపనీళ్ళు అని పెట్టమంటారా?

వలస కలం:
వద్దు మాస్టారూ. ఆ పిన్నిగారు చేపలు కడిగిన నీళ్ళు పోస్తారు.