హ్యూస్టన్ బడుల్లో మార్కులు పెరిగాయి, మరి చదువు?

శ్రీధర్_కేటీ: 2023 జూన్‌లో టెక్సస్ ప్రభుత్వం హ్యూస్టన్ స్కూల్ డిస్ట్రిక్టును, అంటే అక్కడి ప్రభుత్వ బడులను నడిపే సంస్థను, తన చేతిలోకి తీసుకుంది. ఎన్నికైన బోర్డును పక్కనపెట్టి మైక్ మైల్స్‌ను సూపరింటెండెంటుగా పెట్టింది. ఆ ఏడాది రేటింగుల్లో అట్టడుగు గ్రేడులు డి, ఎఫ్ వచ్చిన బడులు 121. 2025కి 18 మిగిలాయి, అన్నీ డి. ఎఫ్ ఒక్కటీ లేదు. ఇంతకంటే ఏం కావాలి?

వనజ: లైబ్రరీలు కావాలి. మైల్స్ తన పద్ధతి పెట్టిన చాలా బడుల్లో వాటిని టీమ్ సెంటర్లు చేసేశారు. పాఠం అయ్యాక పది నిమిషాల పరీక్ష, అందులో గట్టెక్కిన పిల్లలు అక్కడికెళ్లి వర్క్‌షీట్లు చేయాలి. చదువంటే ఇదేనా?

శ్రీధర్_కేటీ: 121 నుంచి 18. ఇది అబద్ధమా? ముందు అది చెప్పండి.

కిరణ్: సర్టిఫికెట్ లేని టీచర్లను పెట్టుకుంటున్న సంగతి కూడా చెప్పండి.

వనజ: నేను ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. వారం వారం టెస్ట్, ర్యాంకును బట్టి సెక్షన్. సిలబస్‌లో లేని పుస్తకం కనిపిస్తే వార్డెన్ లాక్కునేవాడు. మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి పుస్తకం ముట్టబుద్ధి కాలేదు.

శ్రీధర్_కేటీ: మీ హాస్టల్ కోపం ఇక్కడెందుకండీ? పేరా చదవడం రాని పిల్లల్ని ఏటేటా పై తరగతికి తోసేశారు. వాళ్లకు లైబ్రరీ ఉండి ఏం లాభం?

రఫీ: హ్యూస్టన్‌లోని వీట్లీ హైస్కూలు ఏళ్ల తరబడి రేటింగుల్లో ఫెయిలవడంతోనే కదా ఇదంతా మొదలైంది.

వనజ: శ్రీధర్ గారూ, మీరుండే కేటీ వేరే స్కూల్ డిస్ట్రిక్టు. మీ పాప బడిలో లైబ్రరీ తీసేసి ఈ పద్ధతి పెడితే ఒప్పుకుంటారా? సూటిగా చెప్పండి.

శ్రీధర్_కేటీ: ఒప్పుకోను. మా పాపకు చదవడం వచ్చు, ఇంట్లో పుస్తకాలున్నాయి. అక్కడి పిల్లల అవసరం వేరు.

వనజ: నా గొడవంతా అదే! పేదింటి పిల్లలకు ఏది చాలునో మనమే తేల్చేస్తున్నాం. వాళ్ల అమ్మానాన్నలు ఎన్నుకున్న బోర్డు చేతిలో అధికారం లేదు. 2024 నవంబరులో బడుల కోసం 4.4 బిలియన్ డాలర్ల బాండ్, అంటే అప్పు తెచ్చుకోవడానికి అనుమతి, అడిగితే జనం ఓటింగులో కుదరదన్నారు. ఎందుకంటారు?

శ్రీధర్_కేటీ: ఆ బోర్డులు ఉన్నన్నాళ్లూ ఆ పిల్లలకు ఒరిగిందేంటి? ముందు చదవడం రానివ్వండి, తర్వాత లైబ్రరీ కోసం మీతో పాటు నేనూ అడుగుతాను.

వనజ: పుస్తకం చేతికిస్తేనే చదవడం వస్తుంది. ఈ ఏర్పాటును 2027 దాకా పొడిగించారు. అప్పటిదాకా ఆ పిల్లలు ఏం చదవాలో మీరే చెప్పండి.